ముందు ఇంటికి ఫోను చేయండి

"నన్ను లెక్కల్లో చేర్పించిందెవరు?"

బేకరీ ఆయన ఫోనును బల్ల మీద పెట్టి, వేలితో భార్య వైపు తోశాడు. అది టీ కప్పుకు తగిలి ఆగింది.

కాలేజీ నుంచి వచ్చిన సందేశం అది. మీకు అకౌంట్స్ కోర్సులో సీటు వచ్చింది, అభినందనలు. ఇందులోనే చేరతారో, వేరే కోర్సుకు మారతారో ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా వచ్చి చెప్పండి. చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"నేనే," అంది మేడమ్. తల దువ్వుకుంటున్న చెయ్యి ఆగలేదు.

వీధి వీధంతా ఆవిణ్ణి మేడమ్ అనే అంటుంది. కమ్యూనిటీ కాలేజీలో ఉద్యోగం. ఏం చదవాలో, చదివి ఏమవ్వాలో తోచక వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళకు తోచేదాకా వాళ్ళ చేత మాట్లాడించడం ఆవిడ పని. ఆ పనిలో మంచి పేరుంది. ఆ పేరు ఇంటి మెట్లెక్కేసరికి ఎక్కడో జారిపోతుంది.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే ఏమంటారు? చూద్దాం అంటారు. మన పెళ్ళి మాటొచ్చినప్పుడూ చూద్దాం అనే అన్నారట. అత్తయ్యే చెప్పింది."

"చూశాకే చేసుకున్నాగా!"

"ఇప్పుడు చూస్తూ కూర్చునే టైము లేదు. డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. పిండి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగింది. ఆ గదిలోనే ఉంటే అది తగ్గే దగ్గు కాదన్నాడు. లెక్కల పనిలో దుమ్ముండదు. కుర్చీ ఉంటుంది. ఫ్యానుంటుంది."

"నేనూ ఉంటాగా అక్కడ. నా సంగతేంటి?"

మేడమ్ దువ్వెన పక్కన పెట్టింది. జవాబు చెప్పబోయింది. ఈలోగా కింద నుంచి జవాబు వచ్చింది.

"ఒరేయ్! ట్రేలు దించుతావా, బొగ్గులమ్ముకుందామా?"

ఇంటి కిందే బేకరీ. బేకరీ పెద్దావిడది. ఆవిడ తర్వాత కొడుకుది అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పొద్దున తెల్లారుతుందని ప్రత్యేకంగా ఎవరైనా అంటారా?

కేకకు జవాబు రాకపోయేసరికి పెద్దావిడే మెట్లెక్కి వచ్చింది. చేతులకు మోచేతుల దాకా పిండి. గుమ్మంలో నిలబడి కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది, బల్ల మీద ఫోను చూసింది. మూడింటిలో ఫోను మీదే ఆవిడకు అనుమానం కలిగింది.

"ఏంటది?"

"నీ కోడలు నన్ను బళ్ళో వేసింది."

"ఎందుకూ? ఇప్పుడు నీకు ఏం తక్కువైంది?"

"ఊపిరి తక్కువైంది అత్తయ్యా," అంది మేడమ్.

"దగ్గే కదా. కిటికీ తీసుకుని పడుకుంటాడు, చల్లగాలి. వీళ్ళ నాన్న బతుకంతా ఆ పిండిలోనే ఉన్నాడు. ఒక్క తుమ్ము తుమ్మి ఎరగడు."

"నాన్న ముక్కు వేరమ్మా."

"ముక్కు మీ నాన్నదే వచ్చింది నీకు. చూసినవాళ్ళంతా అంటారు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో దగ్గయింది. ఆ దగ్గు తెమల్లేదు. కుర్చీ వీపు పట్టుకుని వంగాడు. పెద్దావిడ చెయ్యి కొడుకు వీపు మీదికి వెళ్ళింది, మేడమ్ చెయ్యి నీళ్ళ గ్లాసు మీదికి వెళ్ళింది. దారిలో రెండు చేతులూ గుద్దుకున్నాయి. నీళ్ళు సగం ఒలికాయి.

దగ్గు ఆగింది. ఒలికిన నీళ్ళు బల్ల అంచు దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, కిందికి కారాయి.

"ట్రేలు దించొస్తా," అని ఆయన మెట్లు దిగిపోయాడు. టీ తాగలేదు.

"చూశావా, టీ కూడా తాగకుండా పోయాడు," అంది పెద్దావిడ.

"మీరు కేకేశారు కాబట్టి పోయారు."

"నువ్వు బళ్ళో వేశావు కాబట్టి పోయాడు."

ఇద్దరూ చెరో గుడ్డా తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టారు. ఒకరు తుడిచిన చోటే ఇంకొకరు తుడిచారు.

*

కాలేజీలో మేడమ్ గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీ, కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు. గోడకు బొమ్మల్లేవు. పక్కగది మాస్టారిదీ ఇదే ఉద్యోగం. ఆయన గోడ నిండా పెద్ద పెద్ద ఉద్యోగస్తుల ఫోటోలున్నాయి. వాటిని చూసి బెదిరినవాళ్ళు ఇటు వస్తారు.

ఆవిడ పద్ధతి అందరికీ తెలుసు. ఈ గదిలో ఆవిడ సలహా చెప్పదు. అడుగుతుంది, వింటుంది. మొదటి ప్రశ్న ఎవరికైనా ఒకటే. ఏ పని చేస్తూ ఆకలి మర్చిపోయావు? ఆ ఒక్క ప్రశ్న దగ్గర కొందరు గంట కూర్చుంటారు. కొందరు ఏడుస్తారు. మొన్నొకడు 'నిద్రపోతూ' అన్నాడు. వాణ్ణి కూడా ఆవిడ పంపెయ్యలేదు. ఎలాంటి నిద్ర, ఏ వేళ, కలలొస్తాయా అని అడిగింది. చివరికి వాడు రాత్రి కాపలా పనికి తప్ప దేనికైనా పనికొస్తాడని ఇద్దరూ తేల్చారు.

అన్నీ తేలాక ఆఖరి మెట్టు ఒకటుంది. పిల్లలు దానికి ఫోను పరీక్ష అని పేరు పెట్టారు. కోర్సు కాగితం మీద సంతకం పడాలంటే, ఆ మాట ఇంట్లో ఎవరికి చెప్పాలంటే గుండె దడదడలాడుతుందో వాళ్ళకే, ఈ గదిలోంచే, ఫోను చేసి చెప్పాలి. దాక్కుని మొదలుపెట్టిన చదువు సగంలో ఆగిపోవడం మేడమ్ చాలాసార్లు చూసింది.

ఆ మధ్యాహ్నం ఎదురు కుర్చీలో ఉన్నది బ్యూటీ పార్లరావిడ కూతురు. వెల్డింగ్ కావాలంటుంది. పాత ఇనప గేటొకటి తానే అతికిందట. ఆ రోజు అన్నం మాట మర్చిపోయిందట. అంతవరకూ గలగలా చెప్పిన పిల్ల ఫోను చేతికి రాగానే నీళ్ళు నమిలింది.

"అమ్మా... నేనూ... అదీ... నేను వెల్డింగ్ కోర్సులో చేరుతున్నానమ్మా."

అవతల పార్లరులో డ్రయ్యర్ హోరు వినిపించింది. తర్వాత అది ఆగింది. ఆ నిశ్శబ్దంలో పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళకు అద్దాలిస్తారా?" అంది తల్లి.

"ఇస్తారమ్మా."

"మొహానికి?"

"మొహం మొత్తానికి తొడుగిస్తారు."

"సరే అయితే. కనుబొమలు జాగ్రత్త. అవి నేను తీర్చినవి."

డ్రయ్యర్ మళ్ళీ మొదలైంది. పిల్ల ఎగురుకుంటూ బయటికి పోయింది. మేడమ్ నవ్వుకుంటూ, తలెత్తకుండానే తర్వాతి టోకెన్ పిలిచింది.

"రండి, కూర్చోండి."

"నమస్కారం మేడమ్."

మేడమ్ తలెత్తింది.

బేకరీ ఆయన. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెవి వెనక మాత్రం కాస్త పిండి మిగిలిపోయింది.

"మీరేంటి ఇక్కడ?"

"టోకెన్ తీసుకున్నాను మేడమ్. చాలాసేపయింది, బెంచీ మీద కూర్చునే ఉన్నాను. ఇందాకటి అమ్మాయి ఎగురుకుంటూ పోయింది. అదేదో నాకూ కావాలి."

"వెల్డింగా?"

"ఎగరడం."

మేడమ్ లేచి వెళ్ళి తలుపు మూసింది. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. నా పరువు తీయకండి."

"ఇంట్లో కుదరదు మేడమ్. ఇంట్లో ఒకావిడ ఉంది. చాలా మంచిది. నా మీద ప్రాణం పెట్టుకుంది. కానీ నేను నోరు తెరిచేలోగా ఆవిడే జవాబు చెప్పేస్తుంది. మీరలా కాదని చెప్పుకుంటున్నారు అందరూ."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తనను మీరు అనడం ఇదే మొదలు. ఆవిడకు నవ్వొచ్చింది.

తలుపు కొంచెం తెరిచి పక్కగది మాస్టారు తల లోపల పెట్టాడు. బయట టోకెన్లిచ్చే అమ్మాయి ఆయన చెవిలో ఊదేసినట్టుంది. "మాట్లాడొచ్చు మేడమ్, తప్పులేదు. సంతకం మాత్రం నేను పెట్టాలి. మీ ఇంటి మనిషి కదా. నేను ఆఫీసు మూసేదాకా ఉంటాను." తల వెనక్కి తీసుకుంటూ, "ఈ తమాషా చూడకుండా ఎలా పోతాను," అని గొణిగాడు.

మేడమ్ కుర్చీలో కూర్చుంది. పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"చెప్పండి. ఏ పని చేస్తూ ఆకలి మర్చిపోయారు?"

ఆయన చాలాసేపు కిటికీలోంచి సైకిళ్ళు చూశాడు. మామూలు రోజైతే ఈపాటికి ఆవిడే ఏదో ఒకటి అనేది. ఇవాళ పళ్ళ బిగువున ఆపుకుంది.

"పక్షవాతం వచ్చినవాళ్ళ ఆసుపత్రికి రోజూ మధ్యాహ్నం మేం బ్రెడ్డు వేస్తాం కదా మేడమ్. అక్కడొక టైలరున్నాడు. కుడిచెయ్యి పడిపోయింది. పలకరిస్తే ఏడుస్తాడు. చెయ్యి ఉన్నా లేనట్టే అంటాడు. ఒక రోజు వాళ్ళ వంటగదిలో కలిపిన పిండి ఉంటే, ముద్ద తెచ్చి ఆ చేతిలో పెట్టాను. పిసుకు అన్నాను. పిసకలేడు. నా చెయ్యి ఆయన చేతి మీద వేసి పిసికాను."

"పిండా?" అంది మేడమ్, తెలియకుండానే. "డాక్టరు పిండి ముట్టొద్దని చెప్పాక..."

ఆయన ఆవిడ వైపు చూశాడు. మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"క్షమించండి. చెప్పండి."

"తడిపిన పిండి ఎగరదు మేడమ్. ఇప్పుడైతే రబ్బరు ముద్దే. అక్కడ పడిపోయిన చేతులకు మళ్ళీ పని నేర్పే ఆవిడ ఉంది. ఆవిడ చూసింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. ముద్ద పెట్టడం మంచిదే గానీ నువ్వు తొందరపెడుతున్నావు, ముందు బొటనవేలు, తర్వాత మిగతావి, అలిసిపోకముందే ఆపాలి అని దగ్గరుండి చూపించింది. అప్పటినుంచీ రోజూ కాసేపు కూర్చుంటున్నాను. మొన్న ఆ టైలరు తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు. టైలరై ఉండి! ఆయన అది చూసుకుని నవ్వాడు మేడమ్. నేను ఖాళీ బుట్టలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను."

బుట్టలేవని ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవ. పెద్దావిడ అరిచింది, మేడమ్ కూడా ఒక చెయ్యి వేసింది. మనసు ఎక్కడ పెట్టుకుని తిరుగుతున్నారు మీరు, అంది. ఎక్కడ పెట్టుకున్నాడో అప్పుడు అడగలేదు.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" మేడమ్ గొంతు తగ్గింది.

"చెబితే రెండు జరుగుతాయి. అమ్మ, బేకరీ ఏం కావాలి అంటుంది. మా ఆవిడ, దాని జీతమెంత, కోర్సెంత, సీట్లెన్ని అని మొదలుపెడుతుంది. రెండూ న్యాయమే. కానీ ముందు ఒక్కరైనా ఊరికే వినాలి కదా."

మేడమ్ విన్నది. కాసేపు నిజంగానే ఊరికే విన్నది. సైకిళ్ళ షెడ్డులో ఎవరో బెల్లు కొట్టారు.

"చేతులకు పని నేర్పే ఆ కోర్సు మన దగ్గరుంది," అంది తర్వాత. "ఇది సలహా కాదు. ఉన్నమాట. అకౌంట్స్ కన్నా రెట్టింపు కాలం పడుతుంది. ముందు జీవశాస్త్రం చదివి గట్టెక్కాలి."

ఆయన మొహం వాడిపోయింది. "బళ్ళో కప్పను కోస్తుంటే చూసి నేను పడిపోయాను. కప్పకన్నా ముందు నన్ను బయటికి మోసుకొచ్చారు."

"ఇప్పుడు కప్పల్లేవు. అన్నీ బొమ్మలే."

"బొమ్మ కప్పయితే తట్టుకుంటా."

ఇద్దరూ నవ్వారు. గోడ అవతల కూడా ఎవరో నవ్వినట్టయింది.

"మరి కోర్సు మారతారా?"

"మారతాను మేడమ్." ఈసారి చూద్దాం అనలేదు.

మేడమ్ అలవాటు కొద్దీ అనేసింది. "అయితే ముందు ఇంటికి ఫోను చేయండి. ఎవరికి చెప్పాలంటే భయమో వాళ్ళకే."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకు తెలియలేదు.

ఆయన ఫోను తీశాడు. బొటనవేలు కాసేపు ఆడించాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

కొక్కేనికి తగిలించిన మేడమ్ హ్యాండ్‌బ్యాగు మోగింది.

అది మోగుతూనే ఉంది. ఇద్దరూ బ్యాగు వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఎత్తండి మేడమ్. అవతల మనిషి భయపడుతున్నాడు."

ఆవిడ ఫోను తీసుకుని, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురుగా ఉన్న మనిషితో ఫోనులో మాట్లాడాలంటే మొహం కనపడకపోతేనే నయం.

"హలో."

"నేనే."

"చెప్పండి."

"నేను లెక్కల్లో చేరను. పడిపోయిన చేతులకు పని నేర్పే చదువు చదువుతాను. చాలాకాలం పడుతుందట. నువ్వు కోప్పడతావని చెప్పలేదు."

కిటికీ అవతల సైకిలతను ఒకడు చైను ఎక్కించుకుంటున్నాడు. చైను ఎక్కేదాకా ఆవిడ అటే చూసింది.

"కోపం కాదండీ. ఆ రోజు మీరు మెట్ల మీద ఊపిరందక గోడ పట్టుకున్నారు చూడండి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎక్కడైనా సరే, దుమ్ము లేని గది ఒకటి దొరికితే చాలనిపించింది. ఆ గదిలో మీకు ఉండాలనిపిస్తుందో లేదో ఆలోచించలేదు. ఊరందర్నీ అడుగుతాను. మిమ్మల్నే అడగలేదు."

"ఇప్పుడడిగావుగా."

"మీరు టోకెన్ తీసుకుంటే గానీ అడగలేదు."

ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఫోనులోనూ, గదిలోనూ ఒకేసారి వినిపించింది.

"సరే, చేరండి," అంది. "జీవశాస్త్రం పుస్తకాలు సాయంత్రం నేనే తెస్తాను. ఏ టైములో చదవాలో కూడా నేను... అదిగో, మళ్ళీ మొదలుపెట్టాను. మీరే తెచ్చుకోండి. మీకు నచ్చిన టైములోనే చదువుకోండి."

కుర్చీ ఇటు తిరిగింది. మేడమ్ కళ్ళు తుడుచుకుని, ఫోను పక్కన పెట్టి, మళ్ళీ మేడమ్ అయింది.

"ఇంకెవరికైనా చెప్పాలా?"

బేకరీ ఆయన గుటక మింగాడు. "అసలు భయం అమ్మ దగ్గరే."

"మరి నాకెందుకు ముందు చేశారు?"

"అలవాటు పడదామని."

"పడ్డారా?"

"లేదు."

అయినా నంబరు నొక్కాడు.

అవతలి ఫోను మోగడం వినిపించింది. ఆయన చెవిలో ఒకటి. తలుపవతల ఇంకొకటి, ఆయన చెవిలో దానికన్నా గట్టిగా.

"ఫోనెందుకురా? తలుపు తియ్యి," అంది తలుపు.

మేడమ్ వెళ్ళి తీసింది. వరండా బెంచీ మీద పెద్దావిడ కూర్చుని ఉంది. పిండంటిన ఏప్రన్ కూడా విప్పలేదు. చేతిలో టోకెన్ ఉంది. వెనక టోకెన్లమ్మాయి నోటి నిండా ఏదో నములుతూ, "విద్యార్థులకు తప్ప ఇవ్వకూడదని చెప్పాను మేడమ్," అంది. "ఈవిడ బన్ను ఇచ్చారు. వేడి వేడిది."

"షాపెవరు చూస్తున్నారమ్మా?" "షాపెవరు చూస్తున్నారత్తయ్యా?" రెండు గొంతులూ కలిసిపోయాయి. జబ్బు చేసినా, వాన ముంచెత్తినా పగటిపూట పెద్దావిడ షాపు వదిలి రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"అప్పజెప్పేసి వచ్చాను."

"అప్పజెప్పడమేంటి? ఎవరికి?"

పెద్దావిడ తొందరపడలేదు. లోపలికి వచ్చి, గది కలయజూసి, గోడకు బొమ్మలు లేకపోవడం నచ్చినట్టు తలూపింది. కొడుకు లేచిన కుర్చీలో కూర్చుని, కాళ్ళు సర్దుకుంది. పొద్దున మెట్ల మీద వినిపించిన గొంతు కాదు అది. నవ్వు దాచుకుంటున్న గొంతు.

"కొంత విన్నాలే. ఈ తలుపులు మన బిస్కట్లకన్నా పల్చన. పొద్దున వాడి దగ్గు చూశాకే షాపు అప్పజెప్పేశాను. ఎవరికో చెబుతాను. వింటే మీ ఇద్దరికీ కూర్చోడానికి కుర్చీ కావాలి. కానీ ఇక్కడొక పద్ధతి ఉందట కదా అమ్మాయ్? ముందు వాడు తన నోటితో చెప్పాలి. తర్వాతే నేను."

పక్కగదిలో మాస్టారు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్న చప్పుడు. ఆఫీసు కట్టేసే వేళయింది.

"కానియ్ రా. నన్ను చూస్తూ చెప్పు. సైకిళ్ళను చూస్తూ కాదు."

బేకరీ ఆయన మేడమ్ వైపు చూశాడు.

మేడమ్ ఏమీ చెప్పలేదు.

"అమ్మా," అన్నాడు ఆయన.